మహాత్మ జ్యోతిరావు ఫూలే

పీష్వాలు పూనా నుండి రాజ్యమేలుచున్న కాలమున ఆ నగరమునకు పూల గిరాకి మెండుగా నుండెడిది. గుడులకు పూలు, కొలువుకూటమునకు పూలు, పెండ్లిపందిళ్లకు పూలు, గొప్పవారి పాన్పులపై చల్లుటకు సైతము పూలు కావలసియుండెను. సతారా ప్రాంతమందలి కట్‌గుణ్ గ్రామము నుండి వచ్చి పూనాలో నిలిచిన యొక తోటమాలి కుటుంబము రెండవ బాజీరావు పీష్వా ఇంటికి పూలదండలను, పూలశయ్యలను సమకూర్చుచుండెను. వారి పనితనమునకు మెచ్చి పీష్వా వారికి 35 ఎకరముల భూమిని ఈనాముగా నొసగెను. వారి ఇంటిపేరు గోర్హే. పూల పని చేయువారగుటచే జనులు వారిని ఫూలేలని పిలువసాగిరి. తుదకు ఆ పేరే స్థిరపడెను.

1818లో పీష్వాల ప్రభుత్వ మంతరించి ఆంగ్లేయుల పాలన వచ్చెను. కొలువులు పోయినను తోటలు పోలేదు. ఆ కుటుంబమున గోవిందరావు అనునతడు పూలు, కూరగాయలు పండించి అమ్ముచు సంసారము నడుపుచుండెను. అతని కుమారుడే జ్యోతిరావు. ఇతడు 1827 ఏప్రిల్ 11వ తేదీన జన్మించెను. ఏడాది నిండకమునుపే తల్లి చిమణాబాయి కన్నుమూసెను. దగ్గరి బంధువగు సగుణాబాయి అను వితంతువు ఆ పసివానిని ఒడిలోనికి తీసికొనెను. ఆమె ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట పిల్లలను చూచు పని చేయుచు, వినికిడి చేతనే కొంత ఆంగ్లము నేర్చుకొన్నది. చదువు విలువ ఆమెకు తెలిసినట్లు ఆ ఇంట మరెవ్వరికిని తెలియదు.

జ్యోతిరావు బడికి పోయి వ్రాయను, చదువను, లెక్కలు చేయను నేర్చెను. ఇంతలో గోవిందరావు అంగడిలో పనిచేయు గుమాస్తా యొకడు యజమానిని బెదరించెను. తోటమాలి కొడుకు చదివినచో పలుగు పార ముట్టడనియు, కులాచారము చెడుననియు అతని బోధ. గోవిందరావు చెడ్డవాడు కాడు, లోకమునకు వెరచువాడు. కొడుకును బడి మాన్పించి తోటకు తోలెను. బాలుడు పగలెల్ల మడులు కట్టి, నీరు పెట్టి, రాత్రి దీపపు వెలుగున పుస్తకము తెరచుచుండెను. ఇరుగుపొరుగున నుండిన గఫార్ బేగ్ మున్షీ అను పారసీక భాషోపాధ్యాయుడును, లిజిట్ అను ఆంగ్లేయుడును ఈ బాలుని తెలివిని కనిపెట్టి, గోవిందరావునకు పలుమార్లు నచ్చజెప్పిరి. అందుచే 1841లో జ్యోతిరావు స్కాటిష్ మిషన్ వారి పాఠశాలలో చేరెను. అప్పటి కతనికి పదునాలుగేండ్లు. అంతకు ముందు సంవత్సరమే, నాటి యాచారము ననుసరించి, తొమ్మిదేండ్ల సావిత్రీబాయితో అతనికి వివాహము జరిగియుండెను.

ఆ పాఠశాలలో అతనికి పుస్తకములతోపాటు మంచి మిత్రులును దొరకిరి. వారిలో పలువురు బ్రాహ్మణ బాలురు. 1848లో అట్టి మిత్రుడొకడు తన పెండ్లికి జ్యోతిరావును పిలిచెను. పెండ్లి ఊరేగింపులో అందరితో కలిసి అతడు నడచుచుండగా, ఎవరో అతనిని గుర్తించి, తోటమాలి కులమువాడు బ్రాహ్మణుల ప్రక్కన నడచుటేమని నలుగురిలో తిట్టిపోసిరి. జ్యోతిరావు ఊరేగింపు వీడి ఇల్లు చేరి తండ్రితో జరిగినదంతయు చెప్పెను. పీష్వాల నాటి శిక్షలెరిగిన తండ్రి, తిట్లతో పోయినందుకు సంతోషింపుమని కుమారుని నూరడించెను. కాని ఆ యువకునకు నిద్ర పట్టలేదు.

ఇట్టి యవమానములు లోకమున అనేకులకు కలుగుచునే యున్నవి. కొందరు సహించి యూరకుందురు; కొందరు పగ పట్టుదురు. జ్యోతిరావు ఆలోచించెను. తనకు కొంత భూమి కలదు, చదువు కలదు. తనకే ఈ గతి పట్టినచో, మంచినీళ్ల బావి దరికి పోరాని మహారుల మాట యేమి? మాంగుల మాట యేమి? పుట్టినది మొదలు పొయ్యి దాటి పోరాని స్త్రీల మాట యేమి? వీరందరిని క్రింద నుంచుచున్నది కత్తి కాదు, ధనమును కాదు, అక్షరములు లేకుండుటయే యని అతడు నిశ్చయించుకొనెను. అప్పటి కతనికి ఇరువదియొక్క యేండ్లు.

అహమ్మదునగరులో మిషనరీలు నడుపుచున్న బాలికల పాఠశాలను చూచి వచ్చి, ఆ సంవత్సరమే పూనాలోని బుధవారపేటలో భిడే అను బ్రాహ్మణ గృహస్థుని మేడలో బాలికలకు పాఠశాల తెరచెను. చెప్పుటకు ఉపాధ్యాయులు దొరకలేదు. దొరకినవారు లోకనిందకు వెరచి నిలువలేదు. అందుచే జ్యోతిరావు తన భార్యకు తానే చదువు చెప్పి ఆమెను ఉపాధ్యాయినిని చేసెను. సావిత్రీబాయి ప్రతిదినము వీధివెంట బడికి పోవుచుండగా మూర్ఖులు ఆమెపై బురదయు, పేడయు విసరుచుండిరి. ఆమె తగవులాడలేదు, దారి మార్చలేదు. బడిలో కట్టుకొనుటకు మరియొక చీరను చేత పట్టుకొని పోవుచుండెను. మాసిన చీర విప్పి, వేరు చీర కట్టుకొని, పలక చేతబట్టి పాఠము చెప్పుచుండెను. పదునెనిమిదేండ్లయినను నిండని పడుచు చూపిన ఈ ధైర్యమునకు సాటి వెదకుట కష్టము.

కులపెద్దలు గోవిందరావుపై ఒత్తిడి తెచ్చిరి. 1849లో ఆయన, బడి మానుమనియు లేనిచో ఇల్లు విడువుమనియు కుమారునితో చెప్పెను. భార్యాభర్తలు కట్టుబట్టలతో వెడలిపోయిరి. ఉస్మాన్ షేక్ అను మిత్రుడు వారికి తన ఇంట చోటిచ్చెను. ఆ ఇంటి ఫాతిమా షేక్ సావిత్రీబాయికి తోడై బడిపనిలో పాలుపంచుకొనెను. ధనము లేక కొంతకాలము పాఠశాల మూతబడినను మరల తెరచిరి. 1851లో మరి రెండు బాలికా పాఠశాలలును, 1852లో మహారు, మాంగు కులముల పిల్లల కొరకు ఒక పాఠశాలయు వెలసినవి. ఇచట నొక విషయము చెప్పక తప్పదు. జ్యోతిరావు పురోహితుల పెత్తనమును తన జీవితమంతయు ఖండించినవాడు. ఆ ఖండనలో ఆయన కలము మిక్కిలి పదునైనది. అయినను ఆ పాఠశాలల కొరకు ఇల్లిచ్చిన భిడే, తోడు నిలిచిన గోవండే, పరాంజపే, వాళవేకరులు బ్రాహ్మణులే. ఆయన పోరు పుట్టుకను బట్టి మనుష్యుని వెలకట్టెడి యేర్పాటుతోనే గాని, ఏ కులమున పుట్టిన మనుష్యునితోను కాదు.

ఆ పాఠశాలలో చదివిన మాంగు బాలిక ముక్తాబాయి 1855లో ఒక వ్యాసము వ్రాసెను. అది జ్ఞానోదయ పత్రికలో అచ్చయ్యెను. తన కులమువారి స్త్రీలు ప్రసవ సమయమున తలపై కప్పయినను లేక ఎండవానలలో పడు బాధను ఆ బాలిక వర్ణించెను. వేదములు చదువుటకు తమకు హక్కు లేనప్పుడు, ఇక తమ మతమేదో చెప్పుమని ఆమె దేవునే అడిగెను. అక్షరములు నేర్చి ఎన్నో యేండ్లు కాలేదు. బడి లేకున్నచో ఆ ప్రశ్న ఆ గుడిసెలోనే అణగిపోయెడిది. జ్యోతిరావు పొందిన సన్మానములలో 1852లో ప్రభుత్వమువారు విశ్రామ్‌బాగ్ మేడలో కప్పిన శాలువకంటె ఈ చిన్న వ్యాసమే గొప్పదని నా యభిప్రాయము.

పగలు కూలికి పోవువారికి పగటి బడి యెట్లు పనికివచ్చును? 1855లో ఆ దంపతులు కూలీల కొరకు, రైతుల కొరకు రాత్రి పాఠశాల తెరచిరి. ఈ పనులను సహింపలేని వారెవరో ఆయనను చంపుటకు ఇరువురు మనుష్యులను పంపిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. అర్ధరాత్రి అలికిడికి మేల్కొని జ్యోతిరావు వారిని ప్రశ్నింపగా, ధనము కొరకు ఒప్పుకొంటిమని వారు తెలిపిరి. ఆయన బెదరలేదు. ఎవరి మేలు కొరకు ఇన్నాళ్లు పాటుపడితినో వారికే తన చావు వలన నాలుగు రూకలు దొరకుచున్నచో కానిండని మెడ వంచెను. వారు కత్తులు పారవైచి కాళ్లపై పడిరి. వారిలో ధోండిరాం కుంభార్ అనునతడు పిమ్మట రాత్రి బడిలో చదివి, పండితుడై, ఆయన యనుచరులలో ముఖ్యుడయ్యెను. దారిద్ర్యము మనుష్యుని చేత కత్తి పట్టించును. అతడే పలక పట్టినప్పుడు వేరు మనుష్యుడయ్యెను.

జ్యోతిరావు సన్న్యాసి కాడు. ధనమార్జించుట పాపమని ఆయన యనుకొనలేదు. తోటపంట అమ్మెను, కట్టడములకు సామాను సరఫరా చేసెడి కంట్రాక్టులు పట్టెను. పూనాకు చేరువనున్న ఖడక్‌వాస్లా ఆనకట్ట పనికి ఆయన రాయి సరఫరా చేసెను. అచట నెండలో రాళ్లు మోయు కూలీల బ్రతుకును, వారి కూలిలో వాటాలు కోసికొను చిన్న యుద్యోగుల తీరును ఆయన కన్నులార చూచెను. పేదరికమును గూర్చి పుస్తకములలో చదివి వ్రాసినవారు కలరు. ఆయన దానిని కూలి లెక్కల చిట్టాలో చూచి వ్రాసెను.

ఆయన ఇంటి ఆవరణలో నొక నీటితొట్టి యుండెను. నాడు అస్పృశ్యులనబడు వారికి ఊరి బావులలో నీరు తోడుకొను హక్కు లేదు. ఎవరైన దయతలచి కడవలో పోసినచో నీరు, లేనిచో దప్పి. 1868లో జ్యోతిరావు తన తొట్టిని వారికి తెరచెను. వారు తామే వచ్చి, తామే ముంచుకొని, త్రాగి పోవచ్చును. కులమువారు మండిపడిరి. ఆయన గోడ కట్టలేదు, తలుపు వేయలేదు. విధవలై గర్భవతులైన అభాగినులు లోకభీతిచే శిశువులను చంపుకొనకుండుటకై 1863లోనే ఆ దంపతులు ఒక ప్రసూతిగృహము నెలకొల్పిరి. అట్టి బ్రాహ్మణ వితంతువునకు పుట్టిన బాలుని 1874లో దత్తత చేసికొని, యశ్వంత్ అని పేరిడి, వైద్యవిద్య చెప్పించిరి.

1873లో ఆయన గులాంగిరి అను గ్రంథమును ప్రకటించి, బానిసత్వమును నిర్మూలించిన అమెరికా ప్రజలకు దానిని అంకిత మిచ్చెను. ఆ యేడే సెప్టెంబరు 24వ తేదీన సత్యశోధక సమాజమును స్థాపించెను. దేవునికి, మనుష్యునికి నడుమ దళారి అక్కరలేదనునది ఆ సమాజపు ముఖ్యసూత్రము. పేద రైతు కూతురు పెండ్లికి అప్పు చేసి, ఆ యప్పుతో పొలము పోగొట్టుకొనుట ఆయన యెరిగినదే. అందుచే సమాజమువారు పురోహితుడు లేకుండ స్వల్పవ్యయముతో వివాహములు జరిపించిరి. ఈ సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగువారు కలరని తెలిసికొనుట మనకు సంతోషకరము. బొంబాయి కట్టడములలో పాటుపడుటకు తెలుగు నేల నుండి వలసపోయిన కూలీలను అచట కామాఠీలనెడివారు. కామాఠీపుర అను పేట వారి పేరిటనే వెలసినది. వారిలో కంట్రాక్టర్లుగా పైకి వచ్చిన వెంకు బాలోజీ కాలేవార్, జాయా యల్లప్ప లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగువారు సమాజమునకు ఒక ముద్రణాయంత్రమును కానుక యిచ్చిరి.

అప్పటి దక్కన్ రైతు స్థితి దారుణముగా నుండెను. భూమిశిస్తు రొక్కముగా చెల్లింపవలెను. వాన కురిసినను కురియకున్నను గడువు ఆగదు. రైతు షావుకారు వద్దకు పోయి, చదువరాని కాగితముపై వ్రేలిముద్ర వేయును. ఏమి వ్రాసినదియు షావుకారే యెరుగును. 1875లో పూనా జిల్లాలోని సుపే గ్రామమున రైతులు తిరుగబడి ఋణపత్రములను తగులబెట్టిరి. మరుసటి యేడు ఘోరమైన క్షామము వచ్చెను. మన రాయలసీమను ధాత కరువను పేర నాశనము చేసినది ఆ క్షామమే. జ్యోతిరావు, సావిత్రీబాయి పల్లెలు తిరిగి ధాన్యము, ధనము పోగుచేసి, పూనా చెంత ధనకవడిలో కరువుబడిన పిల్లలకు అన్నము పెట్టెడి నిలయమును నడపిరి.

ఆయన 1876 మొదలు 1882 వరకు పూనా పురపాలక సంఘ సభ్యుడుగా నుండెను. 1880లో లిట్టన్ ప్రభువు రాకకు నగర మలంకరించుటకై వేయి రూపాయలు వ్యయింప సంఘము తలపెట్టగా, ఆ సొమ్ము పేదల చదువుకు వాడవలెనని ఆయన యొక్కడే వ్యతిరేకముగా మతమిచ్చెను. ఓడిపోయెను. పన్ను కట్టినవాని సొమ్ము వానికేల రాదనునది ఆయన జీవితమంతయు నడిగిన ప్రశ్న.

1882లో విద్యాస్థితిని విచారించుటకు హంటర్ అధ్యక్షుడుగా కమిషన్ ఏర్పడెను. జ్యోతిరావు దానికి విన్నపము సమర్పించెను. ప్రభుత్వాదాయమున అధికభాగము రైతుల చెమట నుండి వచ్చుచున్నది. అది పట్టణములలో పైతరగతులవారి పిల్లల ఉన్నతవిద్యకు వ్యయమగుచున్నది. పల్లెలో రైతు బిడ్డకు ఓనమాలైనను లేవు. ఇది ఆయన లెక్క. పండ్రెండేండ్ల వరకైనను ప్రాథమికవిద్యను నిర్బంధము చేయవలెననియు, రైతుకులముల నుండియు ఉపాధ్యాయులను తయారుచేసి వారికి తగిన జీతమీయవలెననియు, చదువులో లెక్కలు, చరిత్ర, భూగోళములతోపాటు వ్యవసాయము, ఆరోగ్యము కూడ చేర్చవలెననియు కోరెను. మన దేశమున ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్య హక్కుగా 2009లో శాసనమయ్యెను. ఆ రెంటి నడుమ నూట ఇరువదియేడు సంవత్సరములు గడచినవి. ఆ కాలములో బడి చూడక పెరిగి, ముసలివారై పోయిన పిల్లలెందరో లెక్కించుకొనుడు.

1883లో రైతుల దైన్యమును గూర్చి షేత్కర్యాచా అసూడ్ అను గ్రంథమును వ్రాసెను. రైతు చేతి చెర్నాకోల అని దాని యర్థము. అందులో రైతు ఇంటి పొయ్యి, పశువుల కొట్టము, చినిగిన దుప్పటి, పిల్లల జబ్బు కూడ వదలక వర్ణించెను. ఏడ్చి యూరకుండలేదు. వానతో కొట్టుకొనిపోవు సారవంతమైన మట్టిని ఆపుటకు కట్టలు వేయుటయు, చెరువులు త్రవ్వుటయు, ఆ పనులకు తీరికగా నున్న సైనికులను వినియోగించుటయు, రైతుబిడ్డలకు సేద్యపు చదువు చెప్పించుటయు మార్గములుగా చూపెను. దీనబంధు పత్రికలో దాని భాగములు కొన్ని వెలువడిన పిదప, సంపాదకుడు నారాయణ మేఘాజీ లోఖండే సర్కారుకు వెరచి ముద్రణ మానెను. ఆయన తన శిష్యుడే. అయినను జ్యోతిరావు వెనుదీయక ఊరూర సభలలో ఆ గ్రంథమును చదివి వినిపించెను. బరోడా మహారాజగు సాయాజీరావు గాయక్వాడు సైతము ఆయన చదువగా వినెను.

1888 మార్చి 2వ తేదీన పూనాలో గొప్ప విందు జరిగెను. విక్టోరియా రాణి మూడవ కుమారుడగు కన్నాట్ డ్యూకు ముఖ్యాతిథి. మిత్రుడు హరి రావుజీ చిప్లూణ్‌కర్ ఆ విందు చేసెను. నగలు, పట్టుతలపాగలు, జరీ అంచులు దీపకాంతిలో మెరయుచుండెను. అందరి నడుమ ఒక ముదుసలి ముతక ధోవతి కట్టి, చినిగిన తలపాగ చుట్టి, గొంగడి కప్పుకొని కూర్చుండెను. అతడే జ్యోతిరావు. మంచి బట్టలు లేక కాదు. కంట్రాక్టరునకు, పురపాలక సంఘ సభ్యునకు అంగీ కొరత యుండదు. సమయము వచ్చినప్పుడు లేచి, ఈ గదిలో మెరయుచున్నవారు దేశమునకు ప్రతినిధులు కారనియు, అసలు ప్రజలను చూడదలచినచో పల్లెలకు పోయి, ఈ గొంగడి కప్పుకొన్నవారి గుడిసెలను చూడవలసినదనియు, చూచినది తల్లియగు రాణికి తెలిపి వారి పిల్లలకు చదువు చెప్పింపుమనియు డ్యూకును కోరెను. విందు పెట్టిన మిత్రునికి ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును.

ఆ యేడు మే 11వ తేదీన బొంబాయిలో ప్రజలు సభ చేసి ఆయనకు మహాత్మ యను బిరుద మిచ్చిరి. ఆ యేడే పక్షవాతము సోకి కుడిచేయి పడిపోయెను. ఆయన ఎడమచేతితో వ్రాయుట నేర్చి, మనుష్యులందరు సమానులని చాటు సార్వజనిక సత్యధర్మ గ్రంథమును పూర్తిచేసెను. ఆర్జించినదంతయు బడులకు, శరణాలయములకు కరిగిపోవుటచే వైద్యమునకు ధనము చాలలేదు. బరోడా మహారాజు సాయము చేసెను. 1890 నవంబరు 28వ తేదీన ఆయన దేహము చాలించెను. తలకొరివి పెట్టు హక్కు దత్తపుత్రునికి లేదని జ్ఞాతులు వివాదము లేవదీయగా, సావిత్రీబాయి ముందునకు వచ్చి, అగ్నికుండను తాను చేబూని శ్మశానమునకు నడచెను. ఆయన చివరి గ్రంథము మరుసటి యేడు అచ్చయ్యెను.

1897లో పూనాలో ప్లేగు చెలరేగెను. యశ్వంత్ పూనా వెలుపల రోగులకు చికిత్సాలయము తెరచెను. సావిత్రీబాయి అరువదియారవ యేట రోగులను వెదకి అచటికి చేర్చుచుండెను. ముంఢవా గ్రామమున మహారుల వాడలో ప్లేగు సోకిన బాలుని ముట్టుటకు ఎవ్వరును ముందునకు రాలేదు. ఆమె వానిని భుజముపై వేసికొని చికిత్సాలయమునకు మోసికొని వచ్చెను. బాలుడు బ్రతికెను. ఆమెకు ప్లేగు సోకి, మార్చి 10వ తేదీన మరణించెను.